నల్లమలలో బాస్మతి వాసన

అడవి దారిలో పోతూ పోతూ ఉంటే ఒక చెట్టు మొదలు దగ్గర బాస్మతి అన్నం ఉడుకుతున్న వాసన కమ్మగా తగులుతుంది. కనుచూపు మేరలో ఇల్లు లేదు, పొయ్యి లేదు. పెద్దపులి ఆ దారిన వెళ్తూ తోకెత్తి మానుమీద చిమ్మిపోయిన హద్దు గుర్తు అది. బాస్మతికి పరిమళాన్నిచ్చే పదార్థమే పులి చిమ్మే ద్రవంలోనూ ఉందని కలకత్తా శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి కనిపెట్టారు. ఆ ద్రవంలో కొవ్వు కూడా కలిసి ఉంటుంది కాబట్టి వాసన త్వరగా ఎగిరిపోదు. తర్వాత వచ్చే పులికి ఇది ఎవరి నేలో, ఎంతసేపటి కింద ఇటు వెళ్లారో దాన్ని బట్టే తెలుస్తుంది. ఇంత క్రూరమృగం తన పేరును ఇంత కమ్మగా రాసుకుంటుందన్న సంగతి నన్ను ఇప్పటికీ వదలదు.

నల్లమలలో పులి ఉనికి తెలిసేది ఇలాగే, గుర్తుల్ని బట్టి. మద్ది, వెదురు, ఇప్ప కలిసి పెరిగే ఈ కొండల్లో పులి ఎదురుపడటం అరుదు. ఇసుకలో అడుగుజాడ చతురస్రంగా, బలంగా ఉంటే మగది, కాస్త కోలగా ఉంటే ఆడది. నేల గీరిన చారలు, ఎండిన మలంలో కణితి వెంట్రుకలు, ఉన్నట్టుండి కొండముచ్చు పెట్టే కేక... వీటన్నిటినీ ఈ అడవి ఆదివాసులైన చెంచులు చదివినట్టు మరొకరు చదవలేరు. తరతరాలుగా తేనెకీ దుంపలకీ తిరిగిన కాళ్లవి. వాళ్లలో ఎందరో ఇప్పుడు అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో ప్రొటెక్షన్ వాచర్లు. ఉచ్చులు వెతికి తీసేసేదీ, వేసవిలో కార్చిచ్చును కొమ్మలతో కొట్టి ఆర్పేదీ, జంతువులు తాగే సాసర్ పిట్లలో (నీటి తొట్లలో) నీళ్లున్నాయో లేదో చూసేదీ వాళ్లే.

పూర్వం పులుల్ని అడుగుజాడలతోనే లెక్కపెట్టేవారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులున్నాయని కాగితాలు చెబుతుండగానే, 2005 నాటికి అక్కడ ఒక్కటీ మిగల్లేదని తేలింది. ఆ దెబ్బతో లెక్క పద్ధతే మారింది. ఇప్పుడు దారికి అటొకటి ఇటొకటి, మోకాలెత్తున కెమెరాలు కడతారు. పులి ఎడమ పక్క చారలకూ కుడి పక్క చారలకూ పోలిక ఉండదు, అందుకే రెండు కెమెరాలు. ఏ పులి చారలూ మరో పులికి రావు. బొచ్చు గొరిగినా కింది చర్మం మీద అవే చారలుంటాయి. ఇలా లెక్కపెడితే 2006లో దేశం మొత్తమ్మీద 1,411 పులులే ఉన్నట్టు అంచనా వచ్చింది. 2022 నాటికి అది 3,682. అందులో ఆంధ్రప్రదేశ్‌వి 63, తెలంగాణవి 21. అయితే కెమెరా ఏ మలుపు దగ్గర కట్టాలో చెప్పడానికి మళ్లీ అడవి తెలిసిన మనిషే కావాలి.

ఈ నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. కృష్ణకు ఆవలి గట్టున అమ్రాబాద్. మనం రాష్ట్రాలుగా విడిపోయినా ఈ అడవి ఒకటే. ఇంత విశాలమైన చోట పులులు ఇంత పలచగా ఉన్నాయేమంటే, జవాబు మేతలో ఉంది. ఒక పులికి ఏడాదికి దుప్పి అంతటి జంతువులు 50 దాకా కావాలి. ఏటా అన్ని పోయినా మంద తరగకుండా ఉండాలంటే అడవిలో సుమారు 500 ఉండాలి. ఆ అయిదు వందలకూ గడ్డి కావాలి, చైత్ర వైశాఖాల్లో నీళ్లు కావాలి. పులి సంరక్షణ పేరుతో జరిగే పనిలో ఎక్కువ భాగం గడ్డి పనీ నీళ్ల పనీ కావడం అందుకే.

రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా శ్రీశైలం ఘాట్ దారి మూసేస్తే విసుక్కునే ప్రయాణికులున్నారు. పులికి, ఎలుగుకి, మూషికజింకకి రోడ్డు దాటే వేళ అదే. మల్లన్న దర్శనం కొన్ని గంటలు ఆలస్యమైనంత మాత్రాన మనకు పోయేదేమీ లేదు.

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులి పిల్లలు ఊళ్లోవాళ్ల కంటపడ్డాయి. తల్లిని టి-108గా గుర్తించారు. పిల్లల్ని తల్లి చెంతకు చేర్చాలని అటవీ సిబ్బంది రాత్రింబవళ్లు గాలించారు. తల్లి రాలేదు. చివరికి వాటిని తిరుపతి జూకి తరలించాల్సి వచ్చింది. పులి పిల్ల దాదాపు రెండేళ్లు తల్లి వెంట తిరిగి వేట నేర్చుకుంటుంది. ఎక్కడ పొంచాలో, మెడ ఎక్కడ పట్టాలో చూపించడానికి దానికి తల్లి తప్ప వేరే గురువు లేదు. ఎంత ప్రేమగా పెంచినా జూలో ఆ చదువు దొరకదు.

మనిషి దగ్గరా అలాంటి చదువొకటి ఉంది. చెంచు పిల్లవాడు తండ్రి వెనక నడుస్తూ నేర్చుకునేది. పులుల కోసమని అడవిలోని చెంచు గూడేలైన పెంటల్ని ఖాళీ చేయించే మాట వచ్చినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. అడవి విడిచిన కుటుంబంలో ఒక్క తరం గడిస్తే చాలు, ఆ విద్య పోతుంది. ఏ శిక్షణ కేంద్రమూ దాన్ని తిరిగి ఇవ్వలేదు. పెంటల్లో ఉండాలనుకునేవాళ్లను ఉండనివ్వాలి. ఏడాది పొడవునా పులి వెంట తిరిగే వాచర్లకు నెలనెలా అందే నికరమైన జీతం, పాము కరిస్తే గంటలో చేరగల వైద్యం ఉండాలి. పులుల కోసం పెట్టే ఖర్చులో అన్నిటికన్నా ముందు రాయవలసిన పద్దు ఇదే.