హైబ్రిడ్ లూసర్న్: ధర పేరుకా, గింజకా?

పెనుమూడి: పశుగ్రాసపు విత్తనాల బేరంలో 'హైబ్రిడ్' అన్న మాట వినపడితే కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టడానికి ఎవరూ వెనుదీయరు. జొన్నలో ఆ మాటకు విలువ వున్నది, 1964లో సి.ఎస్.హెచ్.-1 వచ్చిననాటి నుంచీ అది రుజువైన సంగతే. అల్ఫాల్ఫా అని కూడా పిలిచే లూసర్న్ సంగతి వేరు.

జొన్నను తన పుప్పొడితోనే తరతరాలు పండించి శుద్ధమైన వరసలు తీయవచ్చు. లూసర్న్‌ను అలా పెంచితే కొద్ది తరాలకే నీరసించిపోతుంది. అందుచేత మంచి మొక్కలను కొన్నింటిని ఏరి, వాటిలో వాటికే సంపర్కం జరగనిచ్చి 'సింథటిక్' రకాలు తయారుచేస్తారు. హైబ్రిడ్ కావాలంటే పుప్పొడి లేని ఆడ వరసలు వుండాలి. ఇక్కడే చిక్కు. లూసర్న్ పువ్వును విప్పవలసింది తేనెటీగ; పుప్పొడి కోసం వచ్చే ఈగ అది లేని పువ్వుపై వాలడానికి ఇష్టపడదు. గింజ తక్కువ కడుతుంది, ఖరీదు పెరుగుతుంది. అమెరికాలో డెయిరీలాండ్ కంపెనీ తొలి వాణిజ్య హైబ్రిడ్‌ను 2001లో గాని విడుదల చేయలేకపోయింది.

మన దేశంలో పేరుపడిన ఆనంద్-2, ఆర్.ఎల్.-88, సి.ఓ.-1 ఏవీ హైబ్రిడ్‌లు కావు. మంచి రకాలే, కాని హైబ్రిడ్ ధరకు కొనవలసినవి కావు. హైబ్రిడ్ నేపియర్ నిజమైన సంకరమే అయినా దానికి మొలిచే గింజ వుండదు, కాండం ముక్కలు నాటవలసిందే. దాని 'విత్తనం' అంటూ ఎవరైనా పొట్లం చూపితే బేరం అక్కడితో ఆపడం మేలు.

అమ్మకం విషయంలోనూ ఆలోచించాలి. లూసర్న్ వేరు లోతుకు పోతుంది, నీరు నిలిస్తే చనిపోతుంది. మురుగు పోయే లంక మెరకలకు సరిపోవచ్చు గాని వరి కోసిన బరువు నేలలకు జనుము, పిల్లిపెసరే గతి.

సరుకులో అసలు చూడవలసినది బంగారు తీగ గింజ. మాగాణి మినుముకు ఆ తీగ చేసే చేటు ఈ డెల్టాలో అందరికీ తెలిసిందే. లూసర్న్‌నూ అది వదలదు. ధ్రువీకరణ పొందిన విత్తనానికి మొలక కనీసం 80 శాతం వుండాలి, ఈ కలుపు గింజకూ పరిమితి వున్నది. లూసర్న్ గింజ నున్నగా పసుపు రంగులో వుంటుంది. బంగారు తీగది కొంచెం చిన్నది, గరుకుగా మట్టిరంగులో వుంటుంది. మఖమల్ గుడ్డ చుట్టిన రోలర్లపై పోస్తే గరుకు గింజ గుడ్డకు అంటుకొని వేరుపడుతుంది. అలా శుభ్రం చేసిన సరుకా కాదా అన్నది బిల్లు రాయకముందే అడగాలి.