కాళ్లున్న పామును చూశారా!

నాచారంలో ఎన్టీఆర్‌ నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో గుర్తుందా? సినిమాల్లో చెక్కలూ అట్టలతో కట్టిన కోటల్ని చూసి ఎంత మురిసిపోయినా, అది సెట్టింగేనని మనకి తెలుసు. ఆ పక్కనే ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షలకు పేరున్న సీడీఎఫ్‌డీ ఉంది. అక్కడ కంటికి కనిపించింది కాదు, పరీక్షలో తేలిందే నిజం. ఈ రెండింటికీ మధ్య, సెట్టింగ్‌కి సైన్సు వేషం వేస్తే? కొందరు కళాకారులు చేస్తున్నది అదే!

నలభై ఏళ్ల నాటకం
సైన్సు పేరుతో మోసం కొత్తదేం కాదు. 1912లో ఇంగ్లండ్‌లో ‘పిల్ట్‌డౌన్‌ మనిషి’ పుర్రె దొరికిందన్నారు. మనిషి పుర్రెకి ఒరాంగుటాన్‌ దవడ జోడించి, పళ్లు అరగదీసి, రంగు పూశారని 1953లో గానీ తేలలేదు.

అబద్ధమే పాఠం
స్పెయిన్‌ ఫొటోగ్రాఫర్‌ జోన్‌ ఫాంట్‌కుబెర్తా ఇలాంటి మోసాలనే కళగా మలిచాడు. 1987లో మిత్రుడు పెరె ఫోర్మిగెరాతో కలిసి, లేని శాస్త్రవేత్తని సృష్టించి, కాళ్లున్న పాము లాంటి వింత జంతువుల ఫొటోలూ పరిశోధన పత్రాలూ ప్రదర్శించాడు. 1997లో అంతరిక్షంలో మాయమైన రష్యా వ్యోమగామి కథ అల్లాడు. ఆ వ్యోమగామి మొహం తనదే! 2006లో ఓ స్పెయిన్‌ టీవీ కార్యక్రమం దాన్ని నిజమనే చెప్పేసింది.

ఆయనకి అప్పట్లో చీకటిగది, ఓపిక కావాల్సి వచ్చాయి. ఇప్పుడు ఏఐకి నాలుగు మాటలు చెబితే చాలు. జర్మనీ కళాకారుడు బోరిస్‌ ఎల్డాగ్సెన్‌ ఏఐ బొమ్మకి 2023లో సోనీ ఫొటోగ్రఫీ పోటీలో బహుమతి వచ్చింది. అది ఫొటోనే కాదంటూ ఆయనే తిరస్కరించాడు.

మన ఊళ్లోనూ...
కళాకారుడు చివరికి ముసుగు తీస్తాడు. ఫోనులో వచ్చే బొమ్మకి ఆ మర్యాద లేదు. 2025లో కంచ గచ్చిబౌలిలో చెట్లు నరికిన మాట నిజం. సుప్రీంకోర్టు ఆపమన్న మాటా నిజమే. కానీ బుల్డోజర్ల ముందు పరుగెత్తే జింకల ఏఐ బొమ్మలూ వాటితోపాటే చుట్టేశాయి. దాంతో అసలు ఫొటోలనీ అనుమానించాల్సి వచ్చింది. అబద్ధం వల్ల ఎక్కువ నష్టపోయేది నిజమే మరి!

అందుకే ఈసారి ఫ్యామిలీ గ్రూపులో వింత ఫొటో వస్తే, ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు అని ముందు పిల్లలతో కలిసి ఆరా తీయండి. జవాబు దొరక్కపోతే, కాళ్లున్న పామును గుర్తుచేసుకుని అక్కడే ఆపేయండి!