తోట చెత్తకు ఏ సంచీ మంచిది?

ఇంటి ముందు పాతిక గజాల పచ్చిక, గేటు పక్కన ఓ వేపచెట్టో బాదం చెట్టో, గోడ పొడవునా కాగితంపూల తీగ. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. మాఘమాసం వచ్చిందంటే మాత్రం పొద్దున్నే చీపురుతో యుద్ధమే. రాలిన ఆకులు ఓ పక్క, కోసిన గడ్డి ఓ పక్క, కత్తిరించిన కొమ్మలు ఇంకో పక్క. వీటినేం చేయాలి? చాలా ఇళ్ళల్లో రెండే దారులు. గేటు బయట కుప్పపోసి అగ్గిపుల్ల గీయడం, లేదంటే చేతికందిన నల్ల కవర్లో కుక్కి, మూతి బిగించి చెత్త బండికివ్వడం.

మొదటిది అసలే వద్దు. భోగిమంట సంగతి వేరు లెండి, అది ఏడాదికోసారి. ఆకుల కుప్ప అలా కాదు. సగం ఆరీ ఆరని ఆకులు కాలితే మంట తక్కువ, పొగ ఎక్కువ. అందులో కంటికి కనిపించనంత సన్నటి రేణువులుంటాయి, కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఆయాసం ఉన్న పిల్లలు, పెద్దవాళ్ళు మీ ఇంట్లో లేకపోవచ్చు. గోడవతల వాళ్ళింట్లో ఉండొచ్చు కదా! చెత్తను ఆరుబయట తగలబెడితే ఐదు వేల రూపాయల జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో చెప్పింది. తోట చెత్తను విడిగా ఇంటి ఆవరణలోనే ఉంచి, మున్సిపాలిటీ చెప్పిన పద్ధతిలోనే వదిలించుకోవాలని అదే ఏడాది వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలూ చెప్పాయి. అంటే, మంట మానేస్తే మిగిలేది సంచీయే. 'సంచీదేముంది, ఏదో ఒకటి' అనుకుంటాం. చిక్కంతా అక్కడే!

నల్ల కవరుతో నష్టం ఏమిటంటే, దాంట్లో గాలి ఆడదు. పచ్చిగడ్డి వేసి మూతి కట్టారంటే రెండో రోజుకే జిగురుగా కుళ్ళి, ముక్కు మూసుకునే కంపు కొడుతుంది. దాన్ని వీధిలో పెడితే ఆవు వచ్చి చింపి, గడ్డితోపాటు కవరునూ నమిలేస్తుంది. ఆ కవరు దాని కడుపులోనే ఉండిపోతుంది, పాపం. ఆవు కంట పడకుండా ఎరువు తయారుచేసే యార్డుకే చేరిందనుకోండి, అక్కడ ఒక్కో మూట విప్పి కవరు ఏరేవాళ్ళు ఉండాలి. లేకపోతే మంచి ఆకులు కూడా మామూలు చెత్తగుట్టలోకే పోతాయి.

గడ్డికి సంచీ కాదు, పాత చీర

అప్పుడే కోసిన గడ్డిలో ఎక్కువ భాగం నీరే. పొద్దున సంచీలో అదిమి పెట్టి, సాయంత్రం చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. లోపల మురగడం మొదలైందన్నమాట. అందుకని గడ్డిని తిన్నగా సంచీలోకి ఎత్తకండి. పాత చీరో దుప్పటో పరిచి, దానిమీద పల్చగా ఆరబోయండి. ఎండాకాలమైతే ఒక రోజు, మబ్బుగా ఉంటే రెండు మూడు రోజులు. మధ్యలో ఒకసారి తిరగేస్తే చాలు. తడి పోయేసరికి అంత కుప్పా ఇంతే అయిపోతుంది. నాలుగు కొసలూ పట్టుకుని ఎత్తి అప్పుడు సంచీలో పోసుకోండి. వంగి వంగి గుప్పిళ్ళతో ఎత్తే బాధా తప్పుతుంది.

అసలు గడ్డిని ఎత్తకుండానే వదిలేయొచ్చు కూడా. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించకుండా కోస్తే, ఆ చిన్న తునకలు పచ్చికలోకే జారి, కొద్ది రోజుల్లో నేలలో కలిసిపోతాయి. అందులోని నత్రజని మళ్ళీ గడ్డికే అందుతుంది. ఇది వారం పదిరోజులకోసారి కోసేవాళ్ళకే కుదురుతుంది. నెలరోజులు వదిలేసి వానల్లో ఒక్కసారే కోస్తే మందంగా మేటవేసి కింది గడ్డిని పసుపుపచ్చగా మార్చేస్తుంది. అప్పుడు ఊడ్చి తీయాల్సిందే.

ఆకులకు బియ్యం సంచీ, ముళ్ళకు డబ్బా

ఎండుటాకులకు బరువు లేదు, చోటు మాత్రం చాలా కావాలి. ఇంట్లో పడుండే 25 కిలోల బియ్యం సంచీ, పొలం నుంచి వచ్చిన యూరియా బస్తా వీటికి చక్కగా సరిపోతాయి. నేసిన ప్లాస్టిక్ కాబట్టి సందుల్లోంచి గాలి ఆడుతుంది. ఎరువుల బస్తాను ఒకటికి రెండుసార్లు కడగండి. సిమెంటు బస్తా అయితే దుమ్ము ముక్కులోకి పోకుండా గాలివాటు చూసుకుని దులిపి, ఆ తర్వాత కడగాలి. లేకపోతే ఆ సున్నపు గుణానికి వేళ్ళు పగుళ్ళు పడతాయి. పురుగుమందులు వచ్చిన సంచుల్ని మాత్రం ముట్టుకోవద్దు, ఎంత కడిగినా సరే.

ఈ సంచులకు శత్రువు ఎండ. ఒక వేసవి బయట పడేస్తే పొరలు పొరలుగా పీలికలై, పట్టుకుంటే రాలిపోతాయి. ఆ దారాలు మట్టిలో కలిశాయంటే ఇక ఏరలేం. కాబట్టి నీడలో ఉంచాలి, పీలికలు లేస్తున్న సంచీని వెంటనే తీసేయాలి. గోనె సంచీకి ఈ బెడద లేదు. చిరిగి మట్టిలో కలిసినా అది జనపనారే. దానికి మాత్రం కింది తడి పడదు. అడుగున రెండు ఇటుకలు పెట్టకపోతే ఒక్క వానాకాలంలోనే అడుగు ఊడుతుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇంట్లో ఉంటే నా ఓటు గోనె సంచీకే.

కాగితంపూలు, గులాబీ, నిమ్మ కొమ్మల దగ్గర కొంచెం ఆగాలి. ఇవి ఏ సంచీలో వేసినా ముల్లు బయటికి పొడుచుకొస్తుంది. సంచీ మనం కట్టి గేటు దగ్గర పెట్టేస్తాం. దాన్ని రెండు చేతులా కావలించుకుని బండిలోకి ఎత్తేది పారిశుద్ధ్య కార్మికురాలు. చాలాసార్లు ఆమె చేతులకు తొడుగులు కూడా ఉండవు. గులాబీ ముల్లు గుచ్చుకున్న వేలితోనే ఆ రోజంతా ఊరి చెత్త ఎత్తాలి. అందుకని ముళ్ళ కొమ్మల్ని మూర పొడవు ముక్కలుగా కత్తిరించి, పాత రేకు డబ్బాలోనో విరిగిన బకెట్లోనో నిలువుగా పెట్టి, "అమ్మా, ముళ్ళున్నాయి" అని చెప్పి ఇవ్వండి. ముళ్ళు లేని కొమ్మలకు సంచీయే అక్కర్లేదు, పురికొసతో కట్టగా కట్టేస్తే సరి.

కలుపు మొక్కల్ని మిగతావాటితో కలపొద్దు. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగులేసుకుని పీకాలి. చాలామందికి అది తగిలితే ఒళ్ళంతా దురద, దద్దుర్లు. తుంగ అయితే గడ్డతో సహా వస్తుంది, ఆ గడ్డ ఎరువుతోపాటు మళ్ళీ పచ్చికలోకే చేరి మొలుస్తుంది. నల్ల కవరు పనికొచ్చేది ఇక్కడే. ఈ కలుపును దాంట్లో వేసి మూతి బిగించి, పశువులకందని చోట మండుటెండలో కొన్ని వారాలు పడేయండి, ఉడికి చచ్చిపోతుంది. ఇంకోటి, గన్నేరు కొమ్మలు కత్తిరిస్తే ఆవుకు వేయకండి. విషం!

కొనేటప్పుడు

ఇప్పుడు బజార్లో, ఆన్‌లైన్‌లో తోట చెత్తకంటూ గుండ్రటి సంచులు వస్తున్నాయి. మూతి తెరుచుకుని నిలబడతాయి, చేతిపిడులుంటాయి, పని అయ్యాక మడిచేయొచ్చు. 272 లీటర్ల సంచీలని ఊరిస్తారు. ఎండుటాకులతో నింపితే ఫరవాలేదు గానీ, తడిగడ్డితో నింపితే ఇద్దరు పట్టినా లేవదు. మన చిన్న పెరళ్ళకు అందులో సగం సైజు చాలు. కొనేముందు పిడి ఎక్కడ కుట్టారో చూడండి. పై అంచుకే కుట్టిన పిడి త్వరలోనే ఊడొస్తుంది. పట్టీ అడుగుదాకా తిరిగివచ్చి ఉంటే బరువు ఆగుతుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన వాళ్ళు అక్కడి వీధుల్లో ఇళ్ళ ముందు నిలబెట్టిన మందపాటి గోధుమరంగు కాగితం సంచుల్ని చూసే ఉంటారు. ఆకులూ, సంచీ కలిపి ఎరువుకే పోతాయి. మనకు ఇక్కడ దుకాణాల్లో ఎదురయ్యేవి మట్టిలో కలిసిపోతాయని చెప్పే పచ్చ కవర్లు. పచ్చరంగు చూసి మోసపోవద్దు. 'కంపోస్టబుల్' అని, ఐఎస్ 17088 అని ఉందో లేదో చూడండి. ఉత్త 'బయోడిగ్రేడబుల్' అన్న మాటను నమ్మలేం. అసలైనవి కూడా బాగా వేడెక్కే పెద్ద ఎరువు కుప్పల్లో కరుగుతాయి గానీ, మన పెరటి గుంటలో అంత తొందరగా కరగవు.

నింపేటప్పుడు సంచీ మూతి పడిపోతూ విసిగిస్తుంటే, అడుగు పోయిన ప్లాస్టిక్ బకెట్‌ను మూతిలోకి దూర్చి, అంచును దానిమీదికి మడవండి. నోరు తెరుచుకుని నిలబడుతుంది, రెండు చేతులూ మీవే. మూడొంతుల్లో రెండొంతులు నిండగానే ఆపేయండి. నాలుగు రోజులుగా పడున్న కుప్పనైతే ముందు కర్రతో కదిపాకే చెయ్యి పెట్టాలి. తేళ్ళకూ జెర్రులకూ అంతకంటే చల్లటి చోటు ఉండదు. మూల ఉంచిన సంచీని కూడా ఒంటికి ఆనించుకుని ఎత్తొద్దు.

సంచీలోనే ఎరువు

ఇంతా చేసి ఆ సంచీని చెత్త బండికే ఎందుకివ్వాలి? ఎండుటాకులు మూడు పాళ్ళు, ఆరిన గడ్డి ఒక పాలు పొరలు పొరలుగా వేయండి. ఆకుల్లో తక్కువగా ఉండే నత్రజని గడ్డి నుంచి వస్తుంది. మధ్యమధ్య పలచటి పేడనీళ్ళో పులిసిన మజ్జిగో చిలకరించండి. గుప్పెడు తీసి పిండితే నీరు కారకూడదు, చెయ్యి మాత్రం తడవాలి. మూతి వదులుగా కట్టి, నీడన ఇటుకలమీద పెట్టి, పదిహేను రోజులకోసారి దొర్లించండి. కంపు కొడితే నీళ్ళెక్కువైనట్టు, ఇంకాసిని ఎండుటాకులు కలపండి. ఎన్నాళ్ళకూ మార్పు లేకపోతే తడి చాలనట్టు. వేపాకు త్వరగా మాగుతుంది, మామిడాకు బాగా సతాయిస్తుంది. చిన్న ముక్కలు చేసి వేస్తే నయం.

ఆరు నెలల నుంచి ఏడాదిలోపు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టివాసనతో దిగుతుంది. జల్లెడ పట్టి పచ్చికమీద పల్చగా చల్లి నీళ్ళు పెట్టండి. జల్లెడలో మిగిలిన ఈనెలూ మామిడాకు తునకలూ తర్వాతి సంచీ అడుగున వేసేయొచ్చు.