సినిమాకి వెనక సీటు... మరి నాటకానికి?

టికెట్ యాప్ తెరవగానే మన వేలు ఎక్కడికి వెళ్తుంది? చివరి నుంచి రెండో వరస, మధ్య సీటు. సినిమాకి ఆ లెక్క సరైనదే. తెర పెద్దది కాబట్టి కాస్త వెనక్కి జరిగితేనే బొమ్మంతా కంటికి అందుతుంది. అందుకే మన ఊళ్లలో తెర ముందు నేల టికెట్ చవక, వెనక బాల్కనీ ఖరీదు. నాటకం దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ క్లోజప్ చూపించే కెమెరా ఉండదు. మనకి క్లోజప్ కావాలో, లాంగ్ షాట్ కావాలో సీటుతోనే తేల్చుకోవాలి.

నెలకి ఒకటో రెండో నాటకాలు చూడటం కొన్నేళ్లుగా నా అలవాటు. హైదరాబాద్‌లో రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బంజారాహిల్స్ లామకాన్. పనిమీద బెంగళూరు వెళ్తే రంగశంకర. నేను నటుణ్ని కాదు, విమర్శకుణ్ని అసలే కాదు. టికెట్ కొనుక్కుని కూర్చునే మామూలు ప్రేక్షకుణ్ని. ‘ఫస్ట్ టైమ్ నాటకానికెళ్తున్నా, ఎక్కడ కూర్చోమంటావ్ రా?’ అని అడిగే ఫ్రెండ్స్‌కి చెప్పే సంగతులే ఇక్కడ మీకూ చెబుతున్నా.

ఒకటో వరస కాదు, అయిదో వరస

ఠాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో కట్టిన రవీంద్రభారతి లాంటి పెద్ద హాలు తీసుకోండి. స్టేజి ఎత్తుగా ఉంటుంది. మొదటి వరసలో కూర్చుంటే గంటన్నర మెడ పైకెత్తి చూడాల్సిందే. నటుడి చెప్పులు బాగా కనిపిస్తాయి కానీ, స్టేజి వెనక భాగంలో నేలమీద కూర్చుని మాట్లాడే పాత్ర సగమే కనిపిస్తుంది. నాలుగు నుంచి ఎనిమిదో వరస లోపు, మధ్యన కూర్చుంటే ఈ బాధ ఉండదు. మొహంలో మార్పూ తెలుస్తుంది, స్టేజి మొత్తం ఒక్క చూపులో పడుతుంది.

బాగా పక్కకి ఉన్న కుర్చీల్లోంచి సగం సెట్ కనపడదు. పైగా ఎదుటివైపు వింగ్‌లో తన వంతు కోసం ఎదురుచూస్తున్న పాత్ర కూడా మనకి కనిపించేస్తుంది. ‘చనిపోయాడు’ అనుకున్నవాడు పక్కన నిలబడి మంచినీళ్లు తాగుతుంటే మన ఏడుపు ఏమైపోవాలి? గోడ పక్కనున్న స్పీకర్లకి దగ్గరగా కూర్చుంటే మాట స్టేజి మీంచి కాకుండా పెట్టెలోంచి వస్తున్నట్టు ఉంటుంది. తలుపు దగ్గరైతే ఆలస్యంగా వచ్చే ప్రతి ఒక్కరితో పాటు బయటి వెలుతురూ లోపలికొస్తుంది. బాల్కనీ ఉన్న హాల్లో దాని కింద మరీ వెనక్కి వెళ్లొద్దు, అక్కడ శబ్దం మందగిస్తుంది.

మన దగ్గర చాలా నాటకాలకి ప్రవేశం ఉచితం. సీటు నంబర్లు ఉండవు, ముందొచ్చినవాళ్లకి ముందు. మొదటి రెండు మూడు వరసలు అతిథుల కోసం ఆపి ఉంచుతారు. ఆ అతిథులు ఒక్కోసారి రారు, వచ్చినా సన్మానం అయ్యాక వెళ్లిపోతారు. అప్పుడు నిర్వాహకుల్ని మర్యాదగా అడిగి ముందుకెళ్లడంలో తప్పేమీ లేదు. ఖాళీ కుర్చీలు నిండితే వాళ్లకీ సంతోషమే.

ఏ నాటకానికి ఏ సీటు?

అన్ని నాటకాలకీ ఒకే సీటు పనికిరాదు. మాటల మీద నడిచే సాంఘిక నాటకమైతే దగ్గరగా కూర్చోండి. 1892లో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కాన్ని ఈ రోజుకీ ఆడుతున్నారు. గిరీశం ఒక మాట అంటూ కళ్లతో ఇంకోటి చెబుతాడు. పదిహేనో వరసకి మాట వస్తుంది, ఆ కళ్లు రావు.

పద్యనాటకమైతే చెవులతో సీటు ఎంచుకోవాలి. స్పీకర్లకి దూరంగా, హాలు మధ్యలో కూర్చోండి. హార్మోనియం స్టేజికి ఏ పక్కన పెట్టారో ముందే చూసుకుని, దానికి అవతలి వైపు కాస్త జరగండి. అప్పుడు పాడేవాళ్లూ, వాయించేవాళ్లూ ఇద్దరూ ఒకే చూపులోకి వస్తారు. రాగం తీస్తూ నటుడు ఆగితే హార్మోనియం అందుకోవడం, మళ్లీ ఆయనకి వదలడం... ఆ ఇచ్చిపుచ్చుకోవడం చూస్తే పద్యం అర్థం సగమే తెలిసినా కూర్చోబుద్ధవుతుంది. నచ్చితే ‘వన్స్ మోర్’ అని అరవొచ్చు, అది అక్కడ పాత ఆచారం. నటుడు నిజంగానే పద్యం మళ్లీ అందుకుంటాడు. మన రీల్స్‌లో రిపీట్ బటన్ కంటే చాలా ముందే వచ్చిన రిపీట్ అది.

ఇక సురభి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలై, తరతరాలుగా కుటుంబాలే నడుపుతున్న నాటక సమాజం. రంగుల తెరలు క్షణాల్లో మారిపోతాయి, మనుషులు గాల్లో తేలతారు, బాణాలు ఆకాశంలో ఢీకొంటాయి. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు, తాళ్లూ లైట్లూ మనుషుల టైమింగే అంతా. ఈ మాయ మాయలా ఉండాలంటే పది, పన్నెండు వరసల వెనక, సరిగ్గా మధ్యలో కూర్చోండి. తీగలు కనపడవు. అదే నాటకానికి రెండోసారి వెళ్తే మాత్రం ముందు వరస మూలకి వెళ్లండి. తీగ ఎవరు లాగుతున్నారో, తెర ఎవరు దించుతున్నారో కొంచెం కొంచెం కనిపిస్తుంది. మొదటిసారి చప్పట్లు నటులకి కొడతాం, రెండోసారి వాళ్లకి కూడా కొడతాం.

చిన్న వేదికల సంగతి వేరు. 2010లో మొదలైన లామకాన్‌లో ఆరుబయట, నటులకి చాలా దగ్గరగా కూర్చుంటాం. ఛాయ్ తాగుతూ కబుర్లు చెప్పుకునే చోటే కాసేపట్లో వేదికవుతుంది. ముంబై జుహూలోని పృథ్వీ థియేటర్‌లో ప్రేక్షకులు వేదికకి మూడు వైపులా కూర్చుంటారు. ఇలాంటి చోట్ల ‘బెస్ట్ సీట్’ అనేదే ఉండదు. ఒక్కో వైపు నుంచి ఒక్కో నాటకం. ఫ్రెండ్స్‌తో వెళ్తే వేర్వేరు వైపుల కూర్చుని, అయ్యాక ఎవరికి ఏం కనిపించిందో చెప్పుకోండి. ఒకే సీన్‌లో మీకు కోపం కనిపిస్తే, అవతల కూర్చున్నవాడికి వణుకుతున్న చెయ్యి కనిపించి ఉంటుంది.

వాళ్లకీ మనం కనిపిస్తాం

ఇక్కడి దాకా మనకేం కనిపిస్తుందనే మాట్లాడుకున్నాం. ఒకసారి నాటకం అయ్యాక గ్రీన్‌రూమ్ దగ్గర ఓ పెద్దాయనతో మాట్లాడాను. మొహానికి పట్టించిన రంగు కొబ్బరినూనెతో తుడుచుకుంటూ ఆయన ఒక మాటన్నారు. ‘లైట్లు కళ్లలో పడతాయి కదా బాబూ, హాలంతా మాకు చీకటే. ముందు నాలుగైదు వరసలే కనిపిస్తాయి. అవి ఖాళీగా ఉంటే ఎవరికి చెబుతున్నామో తెలీదు.’

ఆ రోజు హాల్లో మేం యాభై మందిమి కూడా లేం. తలో మూలా కూర్చున్నాం. నవ్వొచ్చే చోట అక్కడొకరూ ఇక్కడొకరూ నవ్వారు, అది పక్కవాళ్లకి అంటుకోకుండానే ఆరిపోయింది. అదే యాభై మంది ముందుకొచ్చి పక్కపక్కన కూర్చుంటే హాలు నిండినట్టే. నవ్వు ఒకరి నుంచి ఇంకొకరికి పాకుతుంది. నటుడు దాన్ని విని అర క్షణం ఆగి, తర్వాతి మాట వదులుతాడు. సినిమా మనం నవ్వినా నవ్వకపోయినా అదే స్పీడులో నడుస్తుంది. నాటకం మాత్రం మనం నవ్వేదాకా ఆగుతుంది.

నెలల తరబడి రిహార్సల్స్ చేసి, ఆఫీసుకి సెలవు పెట్టి, సొంత డబ్బు ఖర్చుపెట్టి ఆడేవాళ్లు మన నాటకరంగంలో చాలామంది. వాళ్లలో కొందరు రెండో నాటకం వేస్తారా లేదా అన్నది ఒక్కోసారి ఆ ముందు వరసల మీదే ఆధారపడుతుంది. అందుకే హాలు పలచగా ఉంటే నేను సీటు లెక్కలన్నీ పక్కనపెట్టి ముందుకెళ్లి కూర్చుంటాను. కాస్త మెడ నొప్పి పుడితే పుట్టనీ.

మూడో గంట కొట్టేలోపు

నాటకానికి సాధారణంగా మూడు గంటలు కొడతారు. మొదటి గంటకి బాత్రూమ్ పని, రెండో గంటకి సీటు, మూడో గంటకి ఫోన్ ఫ్లైట్ మోడ్. సైలెంట్ సరిపోదు. చీకటి హాల్లో స్క్రీన్ వెలిగితే మన మొహం మీద చిన్న స్పాట్‌లైట్ పడ్డట్టే. ముందు వరసలో ఉంటే అది స్టేజి మీది నటుడికీ కనిపిస్తుంది. వీడియో తీయొద్దు. ఆ దూరం నుంచి తీస్తే ఎలాగూ తెల్లటి మచ్చలే వస్తాయి.

టైముకి వెళ్లండి. 2004లో మొదలైన బెంగళూరు రంగశంకరలో నాటకం మొదలయ్యాక వచ్చినవాళ్లని లోపలికి రానివ్వరు. ట్రాఫిక్ అన్నా, క్యాబ్ క్యాన్సిలైందన్నా వినరు. మన హాళ్లలో అంత పట్టుదల ఉండదు కాబట్టి ఆ బాధ్యత మనమే తీసుకోవాలి. ఆలస్యమైతే సీన్ మారేదాకా తలుపు దగ్గరే ఆగి, చీకటి పడ్డాక మెల్లగా వెళ్లండి.

కథ ముందే తెలిసిపోతుందని భయపడకండి. హరిశ్చంద్రుడు కాటికాపరి అవుతాడని తెలియనివాళ్లు ఎవరున్నారు? అయినా చూస్తారు, అయినా ఏడుస్తారు. ఏం జరుగుతుందన్నది కాదు, ఈ రోజు ఈయన ఎలా చేస్తాడన్నదే అక్కడి సస్పెన్స్.

చివరగా ఒకటి. నాటకం అయిపోగానే పార్కింగ్‌కి పరిగెత్తకండి. తెర మళ్లీ లేస్తుంది. నటుల పేర్లు, లైటింగ్ చేసినవాళ్ల పేర్లు, హార్మోనియం వాయించినాయన పేరు ఒక్కొక్కటిగా చదువుతారు. ఆ రెండు నిమిషాలు కూర్చోండి. వీలైతే వెనక్కి వెళ్లి ఒక్కరినైనా పలకరించండి. ‘సూపర్ సార్’ అని ఊరుకోకుండా, నచ్చిన ఒక్క సీన్ పేరు పెట్టి చెప్పండి. ఇంటికెళ్లేటప్పుడు ఆయన మోసుకెళ్లేది ఆ ఒక్క మాటే కావచ్చు.