శ్వాసయంత్రము – క్రైస్తవ ధర్మవిచారము

1952లో కోపెన్‌హేగన్ నగరమున పోలియో ప్రబలి, ఊపిరి పీల్చు కండరములు చచ్చుబడిన రోగులు ఆసుపత్రిలో కిక్కిరిసినపుడు, బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తుమందు వైద్యుడు వారి కంఠములకు రంధ్రము చేయించి, గొట్టము వేయించి, వైద్యవిద్యార్థులచేత రేయింబవళ్లు రబ్బరు తిత్తులు నొక్కించి అనేకుల ప్రాణములు నిలిపెను. చేతులు చేసిన ఆ పనిని అచిరకాలముననే యంత్రములు చేయసాగెను. కోలుకొనువారికి అది సంజీవనియే. కాని తెలివి మరల రాదని తేలినను గుండె కొట్టుకొనుచునే యుండు రోగి మంచముచెంత వైద్యునికి మునుపెరుగని ధర్మసంకటమొకటి ఎదురయ్యెను. యంత్రము తీసినచో హత్యయగునా? తీయకున్న, పోవలసిన జీవుని బలాత్కారముగా బంధించినట్లగునా?

ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ వైద్యుడు బ్రూనో హైడ్ ఈ ప్రశ్ననే ముందుంచగా, పోపు పన్నెండవ పయస్ 1957 నవంబరు 24న సమాధానమిచ్చెను. ప్రాణమును, ఆరోగ్యమును కాపాడుకొనుట మనుష్యుని విధియే యైనను, ఆ విధి సామాన్యోపాయములతో ముగియుననియు, తనకుగాని తనవారికిగాని దుర్భరమగు అసామాన్యోపాయములను అవలంబింపవలెనన్న నిర్బంధము లేదనియు, ఆశ లేనిచోట యంత్రమును ఆపుట హత్య కాదనియు ఆయన చెప్పెను. మరణము ఏ క్షణమున సంభవించినదో నిర్ణయించుట వైద్యుల పనియే గాని చర్చి పని కాదనికూడ ఆయనయే యనెను. మతాధిపతి నోట ఇట్టి మాట వినబడుట విశేషము.

ఈ సిద్ధాంతము ఆనాడు పుట్టినది కాదు. పదునారవ శతాబ్దమున సలమంకా విశ్వవిద్యాలయ పండితుడు ఫ్రాన్సిస్కో దె విటోరియా, కోడిమాంసము తిన్నచో ఇరువదియేండ్లు అదనముగా బ్రదుకుదువని వైద్యుడు చెప్పినను, ఖరీదైన ఆ ఆహారమును కొని తినుట ఎవనికిని విధి కాదని బోధించెను. మత్తుమందులేని ఆ కాలమున కాలు కోయించుకొనుటకు సమ్మతింపనివాడు ఆత్మహంత కాడని తరువాతి పండితులు తీర్పుచెప్పిరి. ఉపాయము సామాన్యమా కాదా యను నిర్ణయము యంత్రమును చూచి చేయునది కాదు, రోగిని చూచి చేయునది. న్యుమోనియాతో వారము దినములు వెంటిలేటరుపై నుండి లేచివచ్చు యువకునకు సామాన్యమైనదే, శరీరమంతయు శిథిలమైన వేరొకనికి భారము మాత్రమే కావచ్చును. ప్రాణము దైవదత్తము గనుక నరుడు దానికి యజమాని కాడు, సంరక్షకుడు. పునరుత్థానమును నమ్మినవాడు గనుక ఐహికజీవనమే పరమావధియని పట్టువదలకుండుటయు అతనికి తగదు. ఇది గోడమీది పిల్లివాటమని విమర్శించువారు లేకపోలేదు గాని, ఈ రెండు నమ్మకములలో ఏ యొక్కటి విడిచినను క్రైస్తవుని సమాధానము వంకరపోవునని నా అభిప్రాయము.

ఈ సిద్ధాంతమునకు పరీక్ష అమెరికాలోని న్యూజెర్సీయందు జరిగెను. 1975 ఏప్రిలులో ఇరువదియొక్క యేండ్ల కారెన్ ఆన్ క్విన్లన్ స్పృహతప్పి, ఊపిరాగి, యంత్రముపై బ్రదుకసాగెను. దత్తత తీసికొని పెంచిన తలిదండ్రులు జోసెఫ్, జూలియా నిష్ఠగల క్యాథలిక్కులు. కొన్ని నెలలు నిరీక్షించి, తమ విచారణ (పారిష్) గురువుతో ఆలోచించి, యంత్రము తీయుడని కోరిరి. వైద్యులు నిరాకరించిరి, క్రింది న్యాయస్థానమును కాదనెను. పాటర్సన్ బిషప్పు లారెన్స్ కేసీ మాత్రము, పయస్ పోపు మాటలనే ఆధారముగా గైకొని, తలిదండ్రుల కోరిక ధర్మసమ్మతమని ప్రకటించెను. 1976 మార్చి 31న రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము వారి పక్షమున తీర్పుచెప్పెను. యంత్రమును తొలగించినంతనే మరణించునని లోకమంతయు తలచిన ఆమె, స్వయముగా ఊపిరి పీల్చుచు 1985 జూన్ 11 వరకు బ్రదికెను. ఆ తొమ్మిదేండ్లును ముక్కుగొట్టముద్వారా ఆహారమందించిరి. దానిని తీయవలెనని తలిదండ్రులు ఎన్నడును కోరలేదు. యంత్రము వలదన్నవారు బిడ్డ చావును కోరినవారు కారనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఆహారపు గొట్టము విషయముననే క్రైస్తవులలో నేటికిని భేదాభిప్రాయమున్నది. అన్నపానములు సూత్రప్రాయముగా సామాన్యోపాయములేయని 2004లో పోపు రెండవ జాన్ పాల్ బోధించెను; అదియు వైద్యచికిత్సయే కదా యనువారు ప్రొటెస్టంటులలో పలువురు కలరు. ఆర్థడాక్సు చర్చివారికి, చిరకాలము యాతనపడు రోగి యాత్మను విడుదల చేయుమని దేవుని వేడుకొను ప్రత్యేక ప్రార్థనాక్రమమే కలదు. విషపు సూదివేసి చంపుటను క్యాథలిక్కులు, ఆర్థడాక్సులు, ప్రొటెస్టంటులలో అత్యధికులును నిరాకరింతురు. బాధను తగ్గించుటకే యిచ్చిన మార్ఫిన్ ఆయువును కొంత తగ్గించినను దోషము లేదనుట పయస్ పోపు నాటినుండియు ఉన్న బోధయే. క్రైస్తవ విశ్వాసముచే ప్రేరితురాలైన సిసిలీ సాండర్సు 1967లో లండనున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిసును స్థాపించి, ఆ ఉపశమనమును ఒక వైద్యశాఖగా రూపొందించెను. రెండవ జాన్ పాల్ తానే 2005లో అంత్యదినములందు మరల ఆసుపత్రికి పోక, తన గదిలోనే ఏప్రిలు 2న కన్నుమూసెను.

మన దేశమునను, కోలుకొను ఆశ లేని స్థితిలో కృత్రిమ చికిత్సను నిరాకరించు హక్కును 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గుర్తించెను. ఈ నిరాకరణను ముందుగనే వ్రాసియుంచు ముందస్తు వాంగ్మూలమునకు మొదట మేజిస్ట్రేటు సంతకము కావలసియుండగా, 2023నుండి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలును. తెలుగు క్రైస్తవ కుటుంబములు, ఆ మాటకు వచ్చినచో ఏ కుటుంబమైనను, ఐ.సి.యు. తలుపు ముందర నిలుచున్న గడియలో ఈ చర్చను మొదలుపెట్టరాదు. ఆరోగ్యముగా నున్నపుడే మీ యిష్టమును ఇంటివారికి చెప్పుడు, మీ గురువుతోనో పాస్టరుతోనో విచారింపుడు, ఇద్దరు సాక్షుల యెదుట వ్రాసి సంతకము చేయుడు.