పాలు తాగిన పిల్లి కోడిపిల్ల వెంట ఎందుకు పడుతుంది?

పిల్లలూ, కడుపునిండా పాలు తాగిన పిల్లి కూడా కోడిపిల్ల కనబడగానే నేలకు కరుచుకుని పొంచుతుంది, చూశారా? ఒళ్లంతా కదలదు, తోక కొస మాత్రం అటూ ఇటూ ఆడుతుంటుంది. ఆకలి లేకపోయినా ఎందుకలా?

పిల్లికి ఆకలి వేరు, వేట వేరు. బంతి దొర్లుకుంటూ పోతే మీ కాళ్లు ఊరుకోవు కదా, అలాగే చిన్నదేదైనా గబగబా కదిలితే పిల్లి ఊరుకోలేదు. పైగా మనకు వినబడని ఎలుకల సన్నటి కూతలు సైతం పట్టేసే చెవులు దానివి. కోడిపిల్లల కిచకిచలు దూరం నుంచే వినేస్తుంది. ఇలా వెంటపడటం దాని పుట్టుగుణం. అందుకని దాన్ని కొట్టడం అన్యాయం.

మరి తల్లికోడి జోలికి ఎందుకు పోదు? పిల్లల కోడి ఈకలు నిక్కబొడుచుకుని, రెక్కలు విప్పి, పొడవడానికి మీదికి ఉరుకుతుంది. చాలా పిల్లులు వెనక్కి తగ్గుతాయి. తల్లి లేకుండా కొని తెచ్చిన పిల్లలకే ముప్పెక్కువ.

మీ ఇంట్లో పిల్లీ, కోడిపిల్లలూ రెండూ ఉంటే, కోడిపిల్లల్ని గంప కింద కమ్మి, పైన బరువైన రాయి పెట్టండి. సందుల్లోంచి పిల్లి పంజా దూరకూడదు. పిల్లి ఎక్కువగా వేటకు దిగేది తెల్లవారుజామున, మునిమాపు వేళ. కోడిపిల్లలు పెట్టంత అయ్యేదాకా పెద్దవాళ్లు దగ్గర లేకుండా రెండింటినీ కలిపి వదలకండి.