దేశం మారింది... పిల్లాడు మాట్లాడటం లేదు!

"అమ్మా, వీడు స్కూల్లో ఒక్క ముక్క కూడా మాట్లాడటం లేదట. టీచరు పిలిచి మరీ చెప్పింది. నాకేం తోచటం లేదు."

ఫోన్‌లో మా అమ్మాయి గొంతు వణికింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. విజయవాడలో ఉన్నన్నాళ్లూ మా మనవడి నోరు మూయించడం ఎవరి వల్లా అయ్యేది కాదు. వాచ్‌మన్ మొదలుకుని కూరగాయల బండి అతని దాకా అందరూ వాడి స్నేహితులే. చదివింది ఇంగ్లీషు మీడియం. మార్కులు తొంభైకి తగ్గింది లేదు. అల్లుడికి ఉద్యోగం వచ్చి అమెరికాలో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌కి ప్రయాణం కడుతుంటే, "పిల్లాడికి ఇబ్బందేముంది, ఇంగ్లీషు మీడియమేగా" అనుకున్నాం అందరం. ఆ అందరిలో నేనూ ఉన్నాను.

అక్టోబరులో నేను వాళ్ల దగ్గరికి వెళ్లాను. ఎయిర్‌పోర్టులో "అమ్మమ్మా!" అంటూ వచ్చి కాళ్లకు చుట్టుకున్నాడు. ఏదో చెప్పబోయి, ఠక్కున ఆగి, వాళ్లమ్మ మొహంలోకి చూశాడు. తెలుగులో మాట్లాడొచ్చా అని అడుగుతున్న చూపు అది. ఏడేళ్ల పిల్లాడికి అమ్మమ్మతో మాట్లాడటానికి అనుమతి కావలసి వచ్చింది!

సంగతేమిటంటే, టీచరు చెప్పిన మర్నాటి నుంచే ఇంట్లో తెలుగు బంద్ చేసేశారు. "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, నెల్లాళ్లలో దారిలో పడతాడు" అని ఎవరో తెలిసినావిడ సలహా ఇచ్చిందట. అన్నం దగ్గర "ఫినిష్ ఇట్", పడుకునే ముందు "గుడ్ నైట్". మధ్యలో ఏమీ లేదు. బడిలో మూసుకున్న నోరు ఇంట్లో కూడా మూసుకుంది.

మౌనం జబ్బు కాదు

ఆ స్కూల్లో ఇంగ్లీషు మాతృభాష కాని పిల్లల కోసం ఒక ప్రత్యేక టీచరు ఉంది. ఈఎస్ఎల్ టీచరు అంటారు. మావాడు ఆవిడ దగ్గరే రోజూ కొంతసేపు కూర్చుంటున్నాడు. ఆ మాట మా అమ్మాయి నాకు చెప్పనే లేదు. నామోషీ అనుకుంది. మనవాళ్లకు చాలామందికి ఆ భయం ఉంది. స్కూల్లో చేర్చేటప్పుడు 'ఇంట్లో ఏ భాష మాట్లాడతారు' అని ఒక కాగితం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లాణ్ని వెనకబడ్డవాళ్లలో వేస్తారని, ఇంగ్లీషు అని రాసేస్తారు కొందరు. అలా రాయకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. తెలుగు అని రాసినంత మాత్రాన ఆ క్లాసులో వేసేయరు. ముందు ఒక పరీక్ష పెట్టి చూస్తారు. అవసరం లేదనుకుంటే మామూలుగానే వదిలేస్తారు. అవసరమైతే ఉచితంగా సాయం చేస్తారు. వద్దనుకునే హక్కూ తల్లిదండ్రులకు ఉంది.

ఈ సాయం ఊరికే వచ్చింది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా కుటుంబాల పిల్లలను క్లాసులో ఊరికే కూర్చోబెడుతున్నారని తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. వాళ్లకూ చదువు అర్థమయ్యేట్టు చూడాల్సిన బాధ్యత స్కూళ్లదేనని 1974లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఎవరో తల్లులు పోరాడి తెచ్చుకున్నదాన్ని మనం నామోషీ అని వదులుకోవడం ఏం తెలివి చెప్పండి?

ఆ టీచరు దగ్గరికి మా అమ్మాయితో పాటు నేనూ వెళ్లాను. ఆవిడ చెప్పినదాని సారాంశం ఇది. కొత్త భాషలోకి వచ్చిపడ్డ పిల్లలు చాలామంది కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు నోరు విప్పరు. ఆ టైంలో వాళ్లు ఊరికే కూర్చోవడం లేదు, వింటున్నారు. మన ఇంగ్లీషు మీడియం పిల్లలకు పుస్తకంలో ఇంగ్లీషు వస్తుంది. కానీ ఆ యాస, ఆ వేగం, ఆటల్లో అరుచుకునే మాటలు కొత్త. కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త ఎన్నో ఏళ్ల కిందటే తేల్చిన సంగతి ఒకటుంది. రోజువారీ మాటలు పట్టుబడటానికే సుమారు రెండేళ్లు, పాఠాల్లో వాడే భాషలో తోటివాళ్లను అందుకోవడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందట. మావాడికి అప్పటికి పట్టుమని పది వారాలు కాలేదు!

"ఇంట్లో మీ భాషే మాట్లాడండి" అని ఆవిడ చెప్పగానే మా అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. రోజంతా అర్థంకాని చోట కూర్చుని వచ్చిన పిల్లాడు, ఇంటికొచ్చాక కూడా మాట వెతుక్కోవాల్సి వస్తే ఇక వాడికి ఊపిరి తీసుకునే చోటేదీ? ఆ రాత్రి పక్కలో పడుకుని నేను కథ చెబుతుంటే, రాజుగారి ఏడో కొడుకు దగ్గర తప్పు పట్టుకున్నాడు. "అలా కాదమ్మమ్మా, చేప ఎండలేదు కదా!" అని. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న మా అమ్మాయి చేతులు ఆగిపోయాయి.

రబ్బరు అనకూడదు

పిల్లలను బడిలో కుంగదీసేవి పెద్ద విషయాలు కావు. మనకు నవ్వొచ్చేంత చిన్నవి.

మొదటి వారంలో మావాడు పక్క పిల్లను "రబ్బరు ఇవ్వవా" అని అడిగాడు. ఆ పిల్లకు అర్థం కాలేదు. అక్కడ దాన్ని ఇరేజర్ అనాలి. రబ్బరు అంటే అక్కడ వేరే అర్థం ఉంది. అదేమిటో ఇక్కడ రాయను గానీ, పెద్ద క్లాసుల పిల్లలు వింటే పగలబడి నవ్వుతారు. ఫుల్‌స్టాప్‌ను పీరియడ్ అంటారు. జెడ్ అనరు, జీ అంటారు. తేదీ రాసేటప్పుడు నెల ముందు, రోజు తర్వాత. ఎండ ఎంతుందో ఫారన్‌హీట్‌లో, ఎత్తు అడుగులు అంగుళాల్లో చెబుతారు. లెక్కల్లో లక్ష అనే మాటే లేదు. ఇక్కడ మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాడు ఈ చిన్న చిన్న చోట్ల తప్పులు చేస్తుంటే తాను తెలివితక్కువవాణ్నని నమ్మేస్తాడు.

ఇంకో చిత్రం వినండి. "అర్థమైందా" అని టీచరు అడిగితే మనవాళ్లలాగే తల అటూ ఇటూ ఊపాడట. ఆవిడ కాలేదని అనుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పింది. మళ్లీ ఊపాడు. మళ్లీ చెప్పింది! పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు తల దించుకోవడం మనకు మర్యాద. అక్కడ కళ్లలోకి చూడకపోతే ఏదో దాస్తున్నాడనుకుంటారు. టీచరును మేడమ్ అనో మిస్ అనో ఊరికే పిలవకుండా ఇంటిపేరుతో కలిపి పిలవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒంటికి రెంటికి వెళ్లడానికి ఎలా అడగాలో మొదటి రోజుకు ముందే నేర్పండి. రెస్ట్‌రూం అనాలి. అది అడగలేక సాయంత్రం దాకా బిగబట్టుకున్న పిల్లలున్నారు.

పేరు సంగతి వేరే చెప్పాలి. మనలో కొందరికి పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటుంది. గివెన్ నేమ్ గడి ఖాళీగా ఉంటే వీసాలో అక్కడ ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. హాజరు పిలిచేటప్పుడు టీచరు అదే చదివితే పిల్లకు ఎలా ఉంటుంది? పాస్‌పోర్టు ఇక్కడుండగానే సరిచేయించుకోండి. చేరేటప్పుడు ఇంట్లో ఏమని పిలుస్తారో కాగితం మీద విడదీసి రాసి, పలికి చూపించండి. వాళ్లకు కష్టమని మీ అంతట మీరే పేరు సగానికి కోసి ఇచ్చేయకండి. ఆ కోసిన పేరు ఇక ఎప్పటికీ పోదు.

పల్లీ పచ్చడి వచ్చిన తంటా

లంచ్ బాక్సులో మా అమ్మాయి ఇడ్లీ, పల్లీ పచ్చడి పెట్టి పంపింది. ఆ రోజే స్కూలు నుంచి ఫోన్. అక్కడ వేరుశనగ పడని పిల్లలు చాలామంది ఉంటారు. కొందరికి ప్రాణం మీదికి వచ్చేంత ఎలర్జీ. చాలా స్కూళ్లలో పల్లీలు అసలు తేనివ్వరు, లేదా తెచ్చినవాళ్లను వేరే బల్ల దగ్గర కూర్చోబెడతారు. పల్లీ పొడి, చిక్కీ, పులిహోరలో వేసే పల్లీలు కూడా దాని కిందికే వస్తాయి. ముందే అడిగి తెలుసుకుంటే పిల్లాడు అందరి ముందూ బాక్సు మూసుకోనక్కర్లేదు.

భోజనానికి ఇచ్చేది అరగంట లోపే. చేత్తో కలుపుకుని తినే సాంబారన్నం పెడితే సగం మిగిలిపోతుంది. చపాతీ చుట్ట, చెంచాతో తినే నిమ్మకాయ పులిహోర, చిన్న చిన్న ముక్కలుగా కోసిన దోసె నయం. స్కూలు వంటశాలలో తింటే గొడ్డుమాంసం, పందిమాంసం, గుడ్డు ఏవి తినరో రాసి ఇవ్వండి. ఊరికే శాకాహారి అంటే సరిపోదు. చికెన్ మానేస్తే చాలనుకునేవాళ్లూ ఉంటారు.

విమానం ఎక్కకముందే

కాగితాల గురించి రెండు మాటలు. అక్కడ ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. కానీ మీ ఇల్లు ఏ బడి పరిధిలో ఉందో అందులోనే చేరాలి. అంచేత అద్దె ఇల్లు తీసుకునే ముందే ఆ బడి ఏదో చూసుకోండి. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, పుట్టిన తేదీ పత్రం, పాత ప్రోగ్రెస్ కార్డులు సిద్ధంగా ఉంచండి. టీకాల కార్డు మరీ ముఖ్యం. ఆటలమ్మ టీకా, హెపటైటిస్-ఎ టీకా మన ప్రభుత్వ పట్టికలో లేవు. టెక్సాస్ లాంటి చోట్ల అవి అడుగుతారు. కార్డులో 5-8 అని ఉంటే ఆగస్టు 5 అని మనమనుకుంటాం, మే 8 అని వాళ్లు చదువుతారు. నెలను అక్షరాల్లో రాయించి డాక్టరు సంతకం చేయించుకోండి.

తరగతి వయసును బట్టి ఇస్తారు. టెక్సాస్‌లో సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండితేనే కిండర్‌గార్టెన్. ఇక్కడ ఒకటో తరగతి అయిపోయిన పిల్లను అక్కడ మళ్లీ ఒకటిలో వేస్తే గొడవ పెట్టుకోకండి. ఆ ఏడాది పిల్లకు ఊపిరి తీసుకునే ఏడాది అవుతుంది. బడులు టెక్సాస్‌లో ఆగస్టు మధ్యలో తెరుస్తారు. వీలుంటే నెల ముందే వెళ్లి, ఖాళీగా ఉన్న ఆ బడి ఆటస్థలం చూపించి రండి.

అమ్మ భయం

మా అమ్మాయి డిగ్రీ చదివింది. అయినా టీచరుతో మాట్లాడాలంటే అల్లుణ్ని ముందుకు తోసేది. వాళ్ల యాస అర్థంకాక, మళ్లీ అడగడానికి సిగ్గుపడి. పిల్లాడు అదే కదా చేస్తున్నాడు! ఆ మాట నేను అనలేదు, తనే అంది ఒకరోజు. తర్వాత నుంచి అడగదలచుకున్న నాలుగు ప్రశ్నలు చీటీ మీద రాసుకుని వెళ్లేది. టీచర్ల సమావేశంలో ఇచ్చేది పదిహేను, ఇరవై నిమిషాలే. 'మార్కులెన్ని' అన్నది ఆఖరి ప్రశ్న కావాలి. 'ఎవరి పక్కన కూర్చుంటున్నాడు, ఆటల టైంలో ఎవరితో ఉంటున్నాడు' అన్నవి ముందు. ఇంగ్లీషు బొత్తిగా రాని తల్లి తెలుగు దుభాషిని ఏర్పాటు చేయమని అడగవచ్చు. స్కూలు ఆ సాయం చేయాలి.

ఇంకొకటి. మాట వినలేదని ఒక్క దెబ్బ వేయడం మనకు మామూలు. అక్కడ టీచరుకు పిల్లాడి ఒంటి మీద దెబ్బ మీద అనుమానం వస్తే పైవాళ్లకు చెప్పి తీరాలి, చట్టం అలా ఉంది. దెబ్బ వద్దనడానికి చట్టమే కారణం కానక్కర్లేదనుకోండి.

జనవరిలో ఈఎస్ఎల్ టీచరు 'ఇంటి నుంచి ఏదైనా తెచ్చి చూపించు' అంది. నేను సూట్‌కేసులో పడేసి తీసుకెళ్లిన కొండపల్లి బొమ్మ ఇద్దామనుకున్నాను. వాడు బొంగరం తీసుకెళ్లాడు. తాడు చుట్టి వదిలేసరికి పిల్లలంతా మూగారట. ఒకడు లాక్కోబోతే "నో! మై టర్న్!" అని అరిచాడట. ఐదు నెలలకు క్లాసులో వాడు పలికిన మొదటి మాట పోట్లాట! టీచరు ఫోన్ చేసి చెబుతుంటే మా అమ్మాయి నవ్వుతూ ఏడ్చింది.

అందరికీ ఇంత తేలిగ్గా తెమలదు. హైస్కూలు వయసులో వెళ్లిన పిల్లల పరిస్థితి ఇంకా కష్టం. స్నేహితులను వదిలి వచ్చిన కోపం వాళ్లకు మన మీదే. పీరియడు పీరియడుకీ గది మారాలి, ఎవరి గుంపు వాళ్లకు ముందే ఉంటుంది. వాళ్లను ఇక్కడి స్నేహితులతో ఫోన్‌లో మాట్లాడుకోనివ్వండి, 'ఎప్పుడూ అక్కడి గోలేనా' అనకండి. నిద్ర పోకపోయినా, తిండి మానేసినా, రోజూ బడికి వెళ్లే ముందు కడుపునొప్పి అంటున్నా బడిలో కౌన్సిలర్ ఉంటారు, ఆలస్యం చేయకుండా వెళ్లి కలవండి. మౌనం వేరు, కుంగిపోవడం వేరు.

నేను తిరిగొచ్చి ఏడాది దాటింది. మొన్న ఆగస్టులో మావాళ్ల అపార్ట్‌మెంట్లోకి గుంటూరు నుంచి ఒక కుటుంబం దిగింది. మూడో తరగతి పిల్ల, వాళ్లమ్మ కొంగు వదలడం లేదట. బస్సు దగ్గర మావాడే వెళ్లి పలకరించాడని వీడియో కాల్‌లో చెప్పాడు.

"ఏమన్నావురా?"

"తెలుగులోనే చెప్పా అమ్మమ్మా. రబ్బరు అనకు, ఇరేజర్ అను అని. ఇంకా... నీ పక్కన సీటు నాదీ అని."